ఫైలు పేరే పోయింది

కెనడాలోనే ఉన్న లండన్ అనే ఊరికి వెళ్లే రైలు టొరంటో దాటాక ల్యాప్‌టాప్ తెరిచాను. చనిపోయిన మా ఆవిడ పదకొండేళ్లు తెలుగులో రాసుకున్న బ్లాగు నేను అద్దెకు తీసుకున్న సర్వర్‌లో ఉంది. డిస్క్ నిండిపోయిందని పాత బ్యాకప్‌లన్నీ చెరిపేస్తూ, అదే కమాండ్‌ను పొరపాటున పక్క ఫోల్డర్‌లోనూ కొట్టాను. ఆమె రాతలన్నీ ఉన్న ఫైలు మాయమైంది.

"అయ్యో, అంతా పోయింది" అని పైకే అనేశాను.

పక్క సీట్లో ఉన్న నలభై ఏళ్లావిడ తిరిగి చూసింది. "ఏమైంది అంకుల్?"

చెప్పాను. సర్వర్ రీస్టార్ట్ చేస్తే తిరిగొస్తుందేమో అన్నాను. అప్పటికే వేలు ఎంటర్ మీద ఉంది.

"ఆగండి, ముట్టకండి! బ్లాగు ఇంకా ఓపెన్ అవుతుందా?"

ఫోన్‌లో చూశాను. బేస్‌మెంట్‌లో గోంగూర పెంచడం గురించి మా ఆవిడ రాసిన పేజీ వచ్చింది.

"ఫైలు పేరే పోయింది అంకుల్, లోపలి రాతలు పోలేదు. బ్లాగును నడుపుతున్న ప్రోగ్రామ్ దాన్ని ఇంకా పట్టుకునే ఉంది. రీస్టార్ట్ చేస్తే వదిలేస్తది. ఆ తర్వాత దేవుడొచ్చినా దొరకదు."

ల్యాప్‌టాప్ ఆవిడకిచ్చాను. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, ప్రోగ్రామ్ పట్టుకున్న ఫైలును వెతికి, నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసింది.

"బ్యాకప్‌లన్నీ అదే డిస్క్‌లో పెడతారా ఎవరన్నా?" అని కసిరింది. బ్రాంప్టన్‌లో దిగిపోయింది. పేరు అడగడం నాకు తట్టలేదు.

ఇప్పుడు ఆ ఫైలు మూడు చోట్ల ఉంది. లాగిన్ అయినప్పుడల్లా రీస్టార్ట్ అవసరమని సర్వర్ గుర్తుచేస్తుంది. నేనింకా చేయలేదు.