నల్లోడి మెడలో కట్టె

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నల్లోడు చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. ఆ కుక్కను చంపింది తానేనని మా నాయన ఇప్పటికీ అనుకుంటున్నాడు. కాదు. నేను. ఈ మాట కడుపులో పెట్టుకునే పెళ్ళి చేసుకున్నాను, బిడ్డను ఎత్తుకున్నాను, రోజూ ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను.

మాది నడిగూడెం దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. వరి కోతలయ్యాక మందను వేములపల్లి వైపు తోలుకుపోయేవాళ్ళం. ఎరువు కోసం రైతులు కోసిన మళ్ళలో మంద పెట్టించుకునేవారు. మాతో రెండు కుక్కలుండేవి. నల్లోడు దూడంత ఉండేవాడు. రెండోది పిట్ట. పేరుకు తగ్గ ప్రాణమే, నోరు మాత్రం ఊరంత. అది నల్లోడి పొట్టకు ఆనుకుని పడుకునేది. గిన్నెలో జొన్న గటక పోస్తే ముందు అదే తినేది, వాడు పక్కన నిలబడి చూసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం నాయన మందను నాకప్పగించి, పిట్టను వెంటబెట్టుకుని ఊళ్ళోకి పోయాడు. నేను తాటిచెట్లలోకి పోయి కల్లు తాగాను. కొంచెమే అనుకున్నాను. గట్టు మీద ఒరిగితే కళ్ళు మూతపడ్డాయి. లేచేసరికి గొర్రెలన్నీ పక్క రైతు ఇంకా కోయని వరిలో ఉన్నాయి. నల్లోడు ఒక్కడే వాటిని మళ్ళించలేక మొరుగుతూ చుట్టూ తిరుగుతున్నాడు. రైతు తిట్టుకుంటూ వచ్చాడు, వెనకే నాయన.

"మంద గాడికెట్ల పోయిందిరా?"

"నల్లోడు ఎంటవడ్డడు నాయినా. బెదిరి గొర్లన్నీ వరిలకు ఉరికినయ్."

"గట్ల జేసే కుక్క గాదు గదరా అది."

"నా కండ్లతోని సూసిన."

నాయన ఇంకేం అడగలేదు. కొడుకు మాట కదా. గొర్రెలను తరిమే కుక్కకు మావాళ్ళు మెడలో గుదికట్టె వేలాడదీస్తారు. ఉరికితే అది ముందుకాళ్ళకు తగిలి ఆపుతుంది. రైతు కూడా దానికే పట్టుబట్టాడు. తుమ్మకట్టె కొట్టుకురమ్మని నాయన నన్నే పంపాడు, సన్నది చాలన్నాడు. నేను లావుది తెచ్చాను. ఎందుకు తెచ్చాను? నా మాట నిజమనిపించాలని. నాయన కడుతుంటే నల్లోడు మెడ వంచి ఇచ్చాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా!

కొద్దిరోజులకే, తెల్లవారుతుండగా, కాలువ పక్కన జమ్ముగడ్డిలోంచి అడవిపందులు మేమున్న మడిలోకి దిగాయి. పిట్ట ఊరుకుంటుందా? మొరుగుతూ మీదికే పోయింది. పెద్ద మగపంది ఒకటి తల వంచి దాని మీదికి వచ్చింది. మంద అవతలి నుంచి నల్లోడు ఉరికాడు. అడుగడుగుకూ కట్టె కాళ్ళకు కొట్టుకుంటోంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ... సరే, చెప్తాను. వాడు పిట్టకూ పందికీ మధ్య నిలబడ్డాడు. పంది మూతి కరిచి దాన్ని వెనక్కి నెట్టాడు. అది మళ్ళీ వచ్చింది. పక్కకు తప్పుకోబోతే కట్టె కాళ్ళ సందున ఇరుక్కుని ముందుకు పడ్డాడు. పంది కోర కడుపులో దిగింది. మేము కర్రలతో అరుస్తూ పోయేదాకా వాడు పిట్ట ముందు నుంచి జరగలేదు. పిట్టకు ఒక్క గీత పడలేదు.

నాయన తాడు కోసి వాడి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా చేతులిరగ! నేనే గట్టిన గదరా కొడుకా" అని ఏడ్చాడు. కొడుకా అన్నది నన్నో, వాణ్ణో. అప్పుడైనా చెప్పొచ్చు కదా? దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. దెబ్బలకు భయపడే వయసు కాదు నాది. ఆ ఏడుస్తున్న మనిషి తలెత్తి నన్ను చూస్తాడే, ఆ చూపుకు భయపడ్డాను.

పిట్ట ఆ తర్వాత సరిగా తిండి ముట్టలేదు. ఎండాకాలం దాటకుండానే పోయింది. నాయన మళ్ళీ కుక్కను సాకలేదు.

ఇప్పుడు సూర్యాపేటలో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మొన్న నా బిడ్డ మా నాయన చెయ్యి పట్టుకుని, కుక్కపిల్లను తెచ్చుకుందామని మారాం చేసింది.

"వద్దు బిడ్డా. కుక్కను సాదే చెయ్యి గాదు నాది. ఒకదాన్ని మెడకు కట్టె గట్టి సంపిన" అన్నాడు.

బిడ్డ ఆయన చేతి వైపు చూసింది. మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను అక్కడే అన్నం తింటున్నాను. నోట్లో ఉన్న ముద్ద మింగాను, అంతే.

ఆ అబద్ధాన్ని నాయన క్షమిస్తాడేమో. ఇన్నేళ్ళు తనను ఇలా కుమిలిపోనిచ్చినందుకు క్షమిస్తాడా? అడిగే ముఖం నాకు లేదు. ఇంకా చెప్పలేదు. చెప్తానని మీకు మాట కూడా ఇవ్వలేను. కానీ ఎక్కడో ఒకచోట ఉన్నది ఉన్నట్టు ఉండాలి కదా. నల్లోడు మందను బెదిరించలేదు. నేను తాగి పడుకున్నాను. నాయన సన్నది తెమ్మన్నాడు. లావు కట్టె తెచ్చింది నేను.