గోరు లేని వేళ్లు

కర్దనూర్‌లో సువార్తమ్మ పొద్దున్నే చాయ్ తాగి, గడపలో కూర్చుని, గోళ్లను మొదలంటా తీసేసుకుంటుంది. కాన్పు చేసే చేతికి గోరుండకూడదని అత్త నేర్పిన అలవాటది. చేతికి పని పోయి చాలా ఏళ్లయింది, అలవాటు మాత్రం పోలేదు. "ఇంటికాడ కాన్పులు చెయ్యకు, ఏమన్న అయితే కేసు నీ మీదికొస్తది" అని ఊరి సర్కారు నర్సు చెప్పిన నాటినుంచి, నొప్పులొచ్చిన వాళ్లను దవాఖాన బండి ఎక్కించి, పక్కన కూర్చుని నడుము రుద్దడమే ఆమె పని. ఎవరైనా కదిలిస్తే, "మంచిదే గద బిడ్డా, ఆడ రక్తమెక్కిస్తరు, నేనేడికెళ్లి తెస్త" అంటుంది. ఆ మాటలో కోపముండదు, అలుపుంటుంది.

మొన్న ఫ్యాక్టరీ పక్క గదుల్లో కిరాయికుండే ఒడిశా పిల్లను అట్లాగే తీసుకుపోతుంటే, పటాన్‌చెరు దాటకముందే లారీల మధ్య బండి ఇరుక్కుపోయింది. ముందు డ్రైవర్, వెనక వీళ్లిద్దరే. బిడ్డ తల కనబడుతోంది. సువార్తమ్మ తన చేతులను తన తొడల కిందే అదిమిపెట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆ పిల్ల పిన్నీ అన్నట్టు "మౌసీ" అని మూలిగేసరికి ప్రార్థన సగంలోనే ఆగింది, చేతులు బయటికొచ్చాయి.

దవాఖానలో నర్సు అడిగింది. "కాన్పు ఎవరు చేసిన్రు?"

"ఎవ్వరు చెయ్యలేదమ్మా. బండిల తానే పుట్టిండు" అంటూ సువార్తమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది.

తెలుగు ముక్క రాని ఆ పిల్ల స్ట్రెచర్ మీదినుంచే చెయ్యి చాచి, కొంగులోని చేతిని బయటికి లాగి కళ్లకద్దుకుంది. నర్సు ఆ గోరు లేని వేళ్ల వంక చూసి, కాగితం మీద 'బండిల తానే పుట్టిండు' అని రాసుకుంది.