పెద్దాయనగారి అనుమతి

ఆ ఇంటి మామగారు దర్జీ. ఎదుటివాళ్ల అనుమతి లేనిదే చిటికెన వేలు కూడా కదిపే మనిషి కాదు.

కొలతలకు వచ్చినవాళ్లను "భుజం మీద టేపు పెట్టమంటారా?" అని అడిగేవారు. పెట్టమన్నాక, "నడుముకి కూడానా?" అని మళ్లీ అడిగేవారు. మనుషులతో ఆగితే బాగానే ఉండేది. కత్తెర వేసే ముందు "ఏమనుకోకండి" అని గుడ్డకు చెప్పేవారు. కుట్టుమిషన్ ముందు కూర్చుని "మొదలుపెడదామా తల్లీ?" అనేవారు. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు ఆ మాట విని, ముందుగదిలో ఎవరో ఆడమనిషి ఉందనుకుని మంచినీళ్లు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక తనే తాగేసింది.

"మీ మామయ్య దోమను కొట్టాలన్నా అర్జీ పెట్టుకుంటారమ్మా. ఈలోగా అది భోంచేసి వెళ్లిపోతుంది" అనేది అత్తగారు.

మామగారు పెట్టుకునే అర్జీలన్నిటికీ పై అధికారి ఒక ముసలి కుక్క. దాని పేరు పెద్దాయన. మూతి నెరిసిపోయి, మిషన్ పక్కన గోనెపట్టా మీద పడుకుని ఉండేది. దాని దగ్గరకు వెళ్లాలంటే మామగారు ముందు నేల మీద రెండుసార్లు కాలు తాటించి, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చి, వంగి అరచేయి చూపించి, "పెద్దాయనగారూ, కాస్త జరుగుతారా?" అనేవారు. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు ఆ తతంగం పూర్తయ్యేదాకా గుమ్మంలో నిలబడాల్సిందే.

అలాంటి ఇంటికి కోడలు ఒక కుక్కపిల్లను తెచ్చింది. ఆమె పనిచేసే పార్శిల్ ఆఫీసు వెనక ఎవరో అట్టపెట్టెలో వదిలేసి పోయారు. పిడికెడంత ప్రాణం, చాటలంత చెవులు.

"పెద్దాయన ఒప్పుకుంటేనే ఉంచుకుందాం" అంది అత్తగారు.

పెట్టె తెరవడమే ఆలస్యం. పిల్ల బాణంలా దూసుకెళ్లి, నిద్రపోతున్న పెద్దాయన వీపెక్కింది. పెద్దాయన ఉలిక్కిపడి, గిర్రున తిరిగి, పళ్లన్నీ బయటపెట్టాడు. పిల్ల కుయ్యోమంటూ కోడలి చీర కుచ్చిళ్లలో దూరింది.

"ఇక లాభం లేదు. పొద్దున్నే ఎవరికైనా ఇచ్చెయ్" అంది అత్తగారు.

కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. మామగారు మాత్రం సూదిలో దారం ఎక్కిస్తూ, "ముక్కూమొహం తెలియనివాళ్లు వెనకనుంచి వచ్చి వీపెక్కితే నేనైనా కరుస్తాను. పద్ధతిగా పరిచయం చెయ్యాలి" అన్నారు.

పద్ధతి మొదలైంది. పిల్ల పడుకున్న గుడ్డముక్కను తీసుకెళ్లి, "వాసన చూస్తారాండీ?" అని పెద్దాయన ముందు పెట్టారు. పెద్దాయన చూసి తుమ్మాడు. "ఆలోచించుకోనివ్వండి" అన్నారు మామగారు. మర్నాడు ఇద్దరినీ వీధిలోకి నడిపించారు. పెద్దాయన ముందు, కోడలి చేతిలో తాడుతో పిల్ల దూరంగా పక్కన. అన్నం గిన్నె ముందు పెద్దాయనకు, తర్వాత పిల్లకు. పిల్ల వెనకనుంచి వెళ్లబోతే మామగారు ఎత్తుకొచ్చి ఎదురుగా దింపేవారు. "చిన్నాయనగారూ, దారి ఇటు" అనేవారు. ప్రతిసారీ కాలు తాటించడం, వంగడం, అర్జీ.

"ఈ లెక్కన పరిచయం అయ్యేసరికి చిన్నాయనకీ మూతి నెరుస్తుంది మామయ్యా!" అంది కోడలు.

"నెరవనీ. అనుమతి రావద్దూ?"

ఒక మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో కోడలి చేతిలోంచి స్టీలు కంచాల దొంతర జారింది. ఆ మోతకు చిన్నాయన ఎగిరి, కుట్టాల్సిన జాకెట్ల కుప్పలో తలకిందులుగా పడ్డాడు. పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూశారు. పెద్దాయన మాత్రం గురక పెడుతూనే ఉన్నాడు. చెవి కూడా కదల్లేదు.

కోడలు దాని వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. కదలిక లేదు. మామగారి వైపు చూసింది. ఆయన తలొంచుకుని గబగబా బొత్తాం కుడుతున్నారు.

"మామయ్యా, పెద్దాయనకి వినపడదా?"

"ఎప్పుడో పోయిందమ్మా. నేల అదిరితేనే తెలుస్తుంది. వెనకనుంచి వెళ్తే జడుసుకుంటాడు, పాపం."

"మరి అత్తయ్యకి తెలీదా?"

"తెలియనివ్వకు" అన్నారు గొంతు తగ్గించి.

ఎందుకని అడిగేలోపే, డాబా మీద బట్టలు ఆరేస్తున్న అత్తగారు "ఇల్లు కూలిందా ఏంటి?" అంటూ దిగివచ్చింది. ఏమీ కూలలేదని తెలిశాక, బీన్స్ గిన్నె ముందేసుకుని పెద్దాయన ఎదురుగా పీట మీద కూర్చుంది. మామగారు మిషన్ కిందనుంచి మెల్లగా కాలు తాటించారు. పెద్దాయన కళ్లు తెరిచాడు.

"విన్నావా పెద్దాయనా, ఇవాళ మా అక్క ఫోన్ చేసింది..." అని మొదలుపెట్టింది అత్తగారు. అక్క మోకాళ్ల నొప్పులు, అక్క కోడలి నిర్వాకం, అక్కడినుంచి తన చిన్ననాటి అలకలు. పెద్దాయన ఆమె మొహంలోకే చూస్తూ తోక ఊపుతున్నాడు. మాట్లాడేకొద్దీ అత్తగారి మొహం తేటపడుతోంది.

"ఈ ఇంట్లో నా మాట చివరిదాకా వినేది ఈయనొక్కడేనమ్మా" అంది కోడలితో.

"ఇప్పుడు చెప్పమంటావా?" అని కళ్లతోనే అడిగారు మామగారు. కోడలు పెదవి కొరుక్కుని, వద్దని తలూపింది.

అంతలో చిన్నాయన జాకెట్ల కుప్పలోంచి బయటపడ్డాడు. కోడలు పట్టుకోబోయి ఆగిపోయింది. వాడు చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి, పొట్ట నేలకు ఆనించి పడుకున్నాడు. పెద్దాయన కాసేపు చూశాడు. నిట్టూర్చి, గోనెపట్టా మీద జానెడు పక్కకు జరిగాడు. చిన్నాయన ఆ జానెడులో సర్దుకుని, అత్తగారి అక్క కథ పాకాన పడేసరికి నోరంతా తెరిచి ఆవలించి నిద్రపోయాడు.

"చూడు, దీనికి బొత్తిగా శ్రద్ధ లేదు! పెద్దాయన ఎంత బాగా వింటున్నాడో!" అంది అత్తగారు.

"నిజమే అత్తయ్యా, ఇంత ఓపిగ్గా వినడం ఇంకెవరివల్లా కాదు" అని, కోడలు నవ్వాపుకోలేక కంచాలు ఏరే నెపంతో వంటింట్లోకి పరుగెత్తింది.