పథ్యంలో పోయిన టమాటాలు

పోయిన శనివారం పొద్దున బహ్రెయిన్‌లో, బుదయ్య అనే ఊరి రైతుబజారులో నేను టమాటాల బల్ల ముందు నిలబడి ఉండగా అమ్మ ఫోన్ చేసింది. అప్పటికే నాకు ఒళ్లు మండిపోతోంది. పెందలాడే వస్తే మంచి సరుకు దొరుకుతుందని మేముండే జింజ్ పేట నుంచి ఆదరాబాదరాగా బయలుదేరితే, కారు నిలపడానికి చోటు వెతుక్కోవడంలోనే అరగంట పోయింది. నేను దూరం నుంచే కన్నేసిన లేత ముల్లంగి కట్టలు నా కళ్లముందే ఎవరి సంచిలోకో వెళ్లిపోయాయి. "ఏం కొంటున్నావే?" అంది అమ్మ. టమాటాలని చెప్పాను. "అయితే నిలవ పచ్చడి పెట్టుకో. అప్పుడు నేను పెట్టినట్టే. ఆ రుచి నీకు గుర్తుందిగా?" అంది. ఊఁ అన్నాను. పదేళ్లుగా ఈ ప్రశ్నకి ఊఁ అంటూనే ఉన్నాను.

ఈ బజారు సంగతి మాకు తెలిసింది నాకు తొమ్మిదో నెల నడుస్తుండగా. అంతకుముందు మూడేళ్లు బహ్రెయిన్‌లో ఉండి కూడా ఈ నేలలో ఏదైనా పండుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. కూరగాయలంటే విమానమో ఓడో దిగి, సూపర్‌మార్కెట్ చలిలో బిర్రబిగుసుకుని పడి ఉండేవే అనుకునేదాన్ని. ఆ రోజు చూద్దును కదా, మట్టి వదలని ముల్లంగి, ముచ్చికలు ముదరని వంకాయలు, చేతిలోకి తీసుకుంటే ఆకు వాసన వేసే టమాటాలు. బల్ల వెనక ఉన్న బంగ్లాదేశ్ భాయ్ ఒక టమాటా కోసి నా చేతిలో పెట్టి, "ఖేత్ కా మాల్ హై, బాజీ" అన్నాడు, నేరుగా పొలం నుంచి వచ్చిన సరుకక్కా అని. ఉప్పు కూడా లేకుండా నిలబడినచోటే తినేశాను. ఇంటికొచ్చి ముల్లంగి ఆకు పప్పులో వేసి, వంకాయలకు కారం కూరి వండి, చలికాలమంతా వారానికో కొత్త కూర చేసుకోవాలని గాల్లో మేడలు కట్టాను. మరుసటి వారం పురుడు పోయడానికి అమ్మ వచ్చింది. ఆపై వారం అమ్మాయి పుట్టింది. నా చలికాలం అక్కడితో ఖలాస్.

బాలింత పథ్యం అంటే ఏమిటో మా అమ్మ చేతిలో పడినవాళ్లకే తెలుస్తుంది. వంకాయ దురద. క్యాబేజీ వాతం. టమాటా పులుపు, నేను తింటే పసిదానికి జలుబు. నాకు మిగిలినవి వెల్లుల్లి కారం, కరివేపాకు పొడి, బీరకాయ, మళ్లీ బీరకాయ. డాక్టరు అన్నీ తినొచ్చని చెప్పింది కదా అంటే, "ఆవిడ నీకు పురుడు పోసిందంతే, రేపు పిల్ల దగ్గితే రాత్రంతా కూర్చునేది నేను" అంది. పాప ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, పాపను వదిలేసి వచ్చి నా నోరు వాసన చూసేది. ఇక మావారు ప్రతి శనివారం నవ్వు మొహంతో రెండేసి సంచులు మోసుకొచ్చేవారు. అమ్మ వాటిని అల్లుడుగారి కోసం నెయ్యి తగిలించి మరీ వండేది. "అత్తయ్యగారూ, ఇలాంటి వంకాయ కూర జన్మలో తినలేదండీ" అని ఆయన అవతలి గదిలో లొట్టలేస్తుంటే, ఇవతల నేను పొడన్నం ముందు కూర్చుని ఏడ్చేదాన్ని. నిజంగానే ఏడ్చాను.

మూడు నెలల వీసా అయిపోయే ముందు అమ్మ ఒక పెట్టె టమాటాలు తెప్పించింది. ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టి, బాల్కనీలో పాత పంచె కప్పి ఎండబెట్టి, చింతపండుతో నూరి జాడీకెత్తింది. "అయిదో నెల వెళ్లాక కారం, మెంతిపిండి కలిపి తాలింపు పెట్టుకో. నీ కోసమేనే ఇది. అందాకా తడి చెయ్యి తగలనీకు, నెలకోసారి పైన నూనె పొయ్యి" అని చెప్పి విమానం ఎక్కింది. అప్పటికి ఎండలు ముదిరి బజారు మూసేశారు. కళ్లముందు చలికాలమంతా వెళ్లిపోయాక ఈ ముద్ద ఎవరిక్కావాలని జాడీని వంటగట్టు కింద అలమారులో వెనక్కి తోశాను. నూనె పొయ్యలేదు. అయిదో నెల వెళ్లినా మూత తీయలేదు. కోపం అంత ముదిరింది.

జులైలో సెలవుకి ఇంటికి వెళితే, గుమ్మంలో పాపను అందుకుంటూనే అమ్మ అడిగింది, "పచ్చడి కలుపుకున్నావా?" అని. అలిగి మూలకు తోసేశానని చెప్పడానికి నోరు రాలేదు. "కలిపానమ్మా, బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. అమ్మ మొహం ఎంత వెలిగిందంటే, తిరిగి వెళ్లగానే నిజంగానే కలుపుకుని తిని ఆ మాటను నిజం చేయాలనుకున్నాను. సెప్టెంబరులో బహ్రెయిన్‌లో దిగగానే, చెప్పులైనా విప్పకుండా వెళ్లి జాడీ మూత తీశాను. రెండు నెలలు ఏసీ లేని ఉక్కలో, అంచు నుంచి అంచు దాకా తెల్లటి బూజు పట్టి ఉంది.

మొన్న శనివారం తెచ్చిన టమాటాలు ఇప్పుడు బాల్కనీలో ఆరుతున్నాయి. అమ్మ చెప్పిన పద్ధతిలోనే ప్రతి ఏడాదీ పెడతాను, మావారూ పిల్లా మెచ్చుకుంటారు కూడా. అది అమ్మ ఆనాడు నాకోసం జాడీకెత్తిన పచ్చడిలా ఉందో లేదో మాత్రం నాకు తెలియదు. ఇక్కడ టమాటాల కాలం ఏటా చలితోపాటు తిరిగి వస్తూనే ఉంది గానీ, "తినలేదమ్మా" అని చెప్పేయవలసిన కాలం ఆ జులైలో గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, దాటిపోయింది.