తాతయ్య పేరు, నానమ్మ ఓటు

ఆ రోజుల్లో నాకు కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండి ఓటు వచ్చింది. బళ్లో చదివిన పౌరశాస్త్రం ఇంకా నోట్లోనే ఆడుతుండేది కాబట్టి దేశం బరువులో సగం నా మీదే ఉందని గట్టిగా నమ్మేదాన్ని. (మిగతా సగం ఎవరు మోస్తున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు.) ఉక్కు కర్మాగారం పనికి వలసొచ్చిన తెలుగువాళ్ల బస్తీ, భిలాయి క్యాంప్ 1లో మా నానమ్మ ఒక్క ఎన్నికా తప్పిపోనిచ్చిన మనిషి కాదు. ఎండ దిగాక వెళ్దామని పట్టుచీర కట్టుకుని నన్ను బయల్దేరదీసింది. వెళ్లేసరికి వరుసలో అందరికంటే చివర మేమే, ముందు నానమ్మ, వెనక నేను.

పోలింగు గదిలో అధికారి, నానమ్మ ఓటు పొద్దున్నే పడిపోయిందని హిందీలో చెప్పాడు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు మా సందుల్లో లేదు. వెనక సందు అప్పలనర్సమ్మ తొందరలో మా నానమ్మ అప్పలనర్సమ్మ ఓటు వేసేసి పోయింది. నానమ్మ ముఖం వాడిపోయింది. అది చూసి నాకు పూనకం వచ్చినంత పనైంది. అసలు మనిషి ఈవిడేనని తేలితే కాగితం మీద ఓటు ఇవ్వాలి, దాన్ని టెండర్డ్ ఓటంటారు, అది ఆవిడ హక్కు అని నాకొచ్చిన హిందీ అంతా (తెలుగు కంటే అదే ఎక్కువ) కుమ్మరించాను. ఆయన నిబంధనల పుస్తకం తిరగేసి, నిజమేనని ఒప్పుకుని, గుర్తింపు కోసం నానమ్మను ఒకే ప్రశ్న అడిగాడు.

"పతి కా నామ్?"

అక్కడే బండి ఆగిపోయింది. నానమ్మ కాలంలో ఆడవాళ్లు మొగుడి పేరు పలికేవారు కారు. ఆవిడ సైగలతో పైకి చూపించింది, సింహాచలం కొండమీది దేవుడికి దణ్ణం పెట్టింది, ఆయనకేమీ అర్థం కాలేదు. నేను నోరు తెరవబోతే ఆవిడే చెప్పాలన్నాడు. చెప్పకపోతే ఓటు పోతుందని నానమ్మతో అన్నాను నేను.

నానమ్మ కళ్లు మూసుకుంది. "అప్పలసామి," అంది. ఆ తర్వాత ధైర్యం వచ్చినట్టుంది, గదంతా వినపడేలా మళ్లీ అంది. "మా ఆయన అప్పలసామి."

అందరూ మీట నొక్కితే ఆవిడొక్కతే కాగితం మీద ముద్ర గుద్ది వచ్చింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, పెద్ద కేసు గెలిచిన వకీలులా సందంతా నడిచాను. గుమ్మంలో ఎదురొచ్చిన తాతయ్యను నానమ్మ పేరు పెట్టి పిలిచింది. ఆయన సిగ్గుపడి లోపలికి పోయాడు. అప్పుడు నా చెయ్యి తిప్పి చూసింది.

"మొగుడి పేరు సెప్పి నా ఓటు నాను తెచ్చుకున్నాను. నీ ఏలికి సిరా ఏదే?"

అప్పటికి పోలింగు ముగిసిపోయింది.

ఇప్పుడు ప్రతి ఎన్నికకూ తెల్లారగానే వెళ్తాను. సిరా చుక్క ఆరేదాకా వేలు చూసుకుంటూ నిలబడితే, తన ఓటు మరిచిపోయిన ఆ పద్దెనిమిదేళ్ల వకీలు గుర్తొచ్చి నవ్వొస్తుంది.