ఇంగ్లీషైతే మాట్లాడుకోవచ్చు

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. ఇప్పుడైతే కొత్త టీచర్ల ముందు నిలబడి, పిల్లల చేత ఇంగ్లీషు ఎలా మాట్లాడించాలో రెండు గంటలు చెప్పి, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "ఇందులో నాకు నిజంగా తెలిసిందెంత?" అని అనుమానపడుతుంటాను. అప్పుడు ఆ బాధ లేదు. బీఈడీలో రాసుకున్న లావుపాటి ఫైలు ఒకటి ఉండేది. దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రోజూ నరసరావుపేటలో బస్సెక్కి, నకరికల్లులో దిగి, అక్కణ్ణించి ఆటోలో మా బడి ఉన్న ఊరికి వెళ్ళేదాన్ని. పేటలో మాది కిరాణా కొట్టు. ఏ పార్టీ వాళ్ళొచ్చినా మా నాన్న ఒకే నవ్వు నవ్వి ఒకే తూకం తూచేవాడు. అందుకని ఊళ్ళల్లో పార్టీలంటే ఎలా ఉంటాయో నాకు బొత్తిగా తెలియదు.

తెలుసుకోవడానికి కావలసినన్ని ఆనవాళ్ళు కళ్ళ ముందే ఉన్నాయి. మా హెడ్మాస్టరు గారు సోమ, బుధ, శుక్రవారాల్లో ఒక కొట్టు నుంచి, మంగళ, గురు, శనివారాల్లో ఎదురు కొట్టు నుంచి టీ తెప్పించేవారు. (ఆయనకు రుచి మార్చుకునే అలవాటు కాబోలనుకున్నాను.) ఎనిమిదో తరగతి పిల్లలు సగం మంది కిటికీ వైపు, సగం మంది తలుపు వైపు కూర్చునేవాళ్ళు. (గాలి కోసమనుకున్నాను.) నా ఫైలులో మాత్రం పిల్లల్ని ఇద్దరిద్దరిని జంటలుగా కూర్చోబెట్టాలనీ, ఒకరి దగ్గర బొమ్మ, ఇంకొకరి దగ్గర ప్రశ్నలు ఉంచాలనీ, వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో ఒకరినొకరు అడుగుతూ, చెప్పుకుంటూ ఉంటే భాష దానంతటదే వచ్చేస్తుందనీ ఉంది. ఒక సోమవారం కిటికీ వైపు నుంచి ఒకరిని, తలుపు వైపు నుంచి ఒకరిని పిలిచి జంటలు కట్టేశాను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తుంటే, పద్ధతి కొత్తది కదా, ఆశ్చర్యపోతున్నారనుకుని మురిసిపోయాను.

మొదటి బెంచీలో చిట్టి, పండు పడ్డారు. ఇద్దరూ సొంత అన్నదమ్ముల కూతుళ్ళని ఆ సాయంత్రం గానీ నాకు తెలియలేదు. పోయిన సర్పంచి ఎన్నికల్లో ఆ అన్నదమ్ములే చెరో పార్టీ తరఫునా నిలబడ్డారు. చిట్టి నాన్న గెలిచాడు, పండు నాన్న ఓడాడు. ఆ నాటి నుంచి రెండిళ్ళ మధ్య మాటల్లేవు, ఫోన్లో నంబర్లు కూడా బ్లాక్ చేసుకున్నారు. వాళ్ళతో పాటు ఊరూ రెండుగా చీలింది. మర్నాడు పొద్దున్నే సర్పంచి గారు మోటారు సైకిలు మీద బడికొచ్చారు.

"ఏంది మేడం గారూ, మా పిల్లని వాళ్ళ పిల్ల పక్కన కూసోబెట్టారంటనే?"

నేను నా ఫైలు తెరిచి, జంటల వల్ల కలిగే లాభాలు ఏడు ఉన్నాయని చెప్పబోయాను. ఆయన మూడో లాభం దగ్గరే చెయ్యెత్తారు.

"చదువుకి నేను అడ్డం రానమ్మా. కూసోబెట్టుకోండి. మాట్లాడుకోటం మాత్రం కుదరదు."

"మాట్లాడుకోకపోతే ఇంగ్లీషు ఎలా వస్తుందండీ?"

ఆయన కాసేపు మీసం సవరించుకుని ఆలోచించారు. ఊరి తగాదాలు తీర్చే మనిషి కదా, తీర్పు చెప్పినట్టే చెప్పారు. "ఇంగ్లీషైతే మాట్లాడుకోవచ్చు. అది చదువు. తెలుగులో ఒక్క ముక్క మాట్లాడినా నాకు తెలుస్తది. అది మాటల కింద లెక్క."

ఆ మధ్యాహ్నానికే తమ్ముడు గారూ వచ్చారు. అన్న ఏమన్నాడో ముందే కనుక్కుని వచ్చినట్టున్నారు. "ఆయన పిల్ల ఇంగ్లీషు నేర్చుకుని, నా పిల్ల నేర్చుకోకుండా ఉంటదా? మాదీ అదే మాట మేడం. ఇంగ్లీషైతే సరే" అని వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళ మాటే ఊరి మాట గనుక మిగతా జంటలకూ అదే చట్టమైంది. తరగతి గదిలో తెలుగు మాట్లాడకూడదని ఊరికి ఊరే కట్టడి చేసిందంటే, ఏ ఇంగ్లీషు టీచరుకి దొరుకుతుందండీ అంత అదృష్టం!

నేనిచ్చిన బొమ్మలో పిల్లి, బల్ల, గొడుగు ఉన్నాయి. పండు దాని వంకైనా చూడలేదు. చిట్టి మొహంలోకి చూసి, ఒక్కో మాటా వెతుక్కుని, "గ్రాండ్‌మదర్... ఈట్?" అంది.

చిట్టి తలూపింది. "ఈట్. లిటిల్."

"కాఫ్?" అని దగ్గి చూపించింది పండు.

"నైట్ మచ్ కాఫ్. మార్నింగ్ నో కాఫ్."

వాళ్ళ నాయనమ్మ పెద్దకొడుకింట్లో ఉంటుంది. ఎన్నికలైన దగ్గర్నుంచి పండు ఆ గడప తొక్కలేదు, తొక్కనివ్వలేదు. పుట్టినప్పటి నుంచీ నాయనమ్మ పక్కలో పడుకున్న పిల్ల, ఆవిడ అన్నం తిన్నదో లేదో తెలియక అన్ని నెలలూ అల్లాడిపోయింది. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నాను. ఆ క్షణాన నాకు వినబడింది తప్పులు మాత్రమే. వెంటనే అడ్డం వెళ్ళి, "అలా అనకూడదు పండూ, పూర్తి వాక్యం చెప్పాలి" అని మొదలుపెట్టాను. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళతో నన్ను చూసి, "చెప్తా మేడం, చెప్తా. ముందు దాన్ని చెప్పనియ్యండి" అంది. అప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది గానీ, సరిపోయినంత వెయ్యలేదు.

ఆ తర్వాత వాళ్ళే నా వెంటపడేవాళ్ళు. ఆయాసాన్ని ఏమంటారు మేడం? మోకాళ్ళ నొప్పికి? అలిగి అన్నం మానేసిందని ఎట్టా చెప్పాలి? "నిన్ను తలుచుకుంటంది" అనేది ఎట్టా? నా పాఠాల్లో లేని మాటలన్నీ ఆ ఇద్దరికీ కావాలి. ఇంటర్వెల్లో కూడా గోడవారన నిలబడి, చేతులు తిప్పుకుంటూ, విరిగిన ఇంగ్లీషులో ఆ ముసలావిడ కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళు. దీపావళి నాటికి ఎవరి సాయమూ లేకుండా గంటసేపు మాట్లాడుకోగలిగేవాళ్ళు. నేను దాన్ని ఫోన్లో వీడియో తీసి, "జంట పద్ధతి ఫలితం" అని పేరు పెట్టి, టీచర్ల వాట్సాప్‌లో పెట్టాను. బొటనవేళ్ళు, చప్పట్లు కుప్పలుగా వచ్చిపడ్డాయి. నరసరావుపేట నుంచి పెద్దాఫీసరు గారు స్వయంగా చూడ్డానికి వస్తానన్నారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఆయన వచ్చే ముందు రోజు ఊళ్ళో ఒక పని జరిగింది. నాయనమ్మ మంచం, మందుల సంచీ ఒక మనిషి చేత మోయించుకుని, పట్టపగలు ఊరందరూ చూస్తుండగా చిన్నకొడుకు వాకిట్లోకి వెళ్ళి కూర్చుందట. "నెలలో సగం ఇక్కడ, సగం అక్కడ ఉంటా. మీ ఓట్లు మీరు పంచుకోండిరా, నా మనవరాళ్ళని పంచటానికి మీరెవరు? కాదన్నోడు ఎవడో నా ముందుకొచ్చి చెప్పమను" అందట. అన్నా రాలేదు, తమ్ముడూ రాలేదు. పిల్లల మీద కట్టడి ఆ పూటతో పోయింది.

మర్నాడు ఆఫీసరు గారు తరగతిలోకి వచ్చేసరికి చిట్టి, పండు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. అచ్చ తెలుగులో. వరదలాగా. నాయనమ్మ పండుకి జడ వేసిందట, వేస్తూ ఏడ్చిందట, ఏడుస్తూనే పేలు చూసిందట. మిగతా జంటలదీ అదే గోల. ఆఫీసరు గారు నా వంక చూశారు. హెడ్మాస్టరు గారు పైకప్పు వంక చూశారు. నేను పళ్ళు బిగబట్టి, "చిట్టీ, ఇంగ్లీషులో!" అన్నాను.

ఆ పిల్ల నిజంగానే అర్థం కాక అడిగింది. "ఇప్పుడెందుకు మేడం?"

నేను ఉరిమి చూశాను. పండుకి నా పరిస్థితి అర్థమైనట్టుంది, నా మీద జాలిపడింది. బొమ్మ అందుకుని, చేతులు కట్టుకుని లేచి నిలబడి, గొంతు మార్చి, "వాట్ ఈజ్ దిస్?" అంది. చిట్టి కూడా నిలబడి, "దిస్ ఈజ్ ఎ క్యాట్" అంది. తర్వాత బల్ల, తర్వాత గొడుగు. ఒక్క తప్పు లేదు, ఒక్క ప్రాణమున్న మాటా లేదు. నాలుగు నెలల్లో ఆ పిల్లలు మాట్లాడిన ఇంగ్లీషులో అంత పనికిమాలిన ఇంగ్లీషు లేదు. ఆఫీసరు గారు చప్పట్లు కొట్టి, ఉచ్చారణ అద్భుతమని మెచ్చుకుని, నాకొక ప్రశంసాపత్రం పంపించారు.

నేనప్పుడు ఆ పిల్లలకు థాంక్స్ చెప్పలేదు. బెల్లు కొట్టాక, పెద్దాయన ముందు తెలుగు మాట్లాడి పరువు తీశారని కోప్పడ్డాను కూడా. ఎన్నో నెలల తర్వాత తమ మాటలు తమకు దక్కిన రోజున! ఇప్పుడు కొత్త టీచర్లకు పద్ధతులన్నీ చెప్పి, ఆఖర్న, "మీ పిల్లల్లో ఎవరికి ఎవరితో ఏం చెప్పాలనుందో ముందు కనుక్కోండి" అంటాను. దాన్ని ఎవరూ నోట్సులో రాసుకోరు. నాకేం కోపం రాదు. నేను మాత్రం రాసుకునేదాన్నా? ఆ ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్న ఆ అమ్మాయిని, అప్పటి నన్ను, తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, దానికి ఇంగ్లీషు చాలా బాగా వచ్చు. ఎవరికైనా చెప్పాల్సింది మాత్రం దాని దగ్గర ఏమీ ఉండేది కాదు.