తలుపులన్నీ తీసి ఉన్న ఊరు

మా అత్తయ్య పుట్టిన ఊరు నేను చూడలేదు. నేను పుట్టేనాటికే అది లేదు. దివిసీమలో సముద్రానికి మరీ దగ్గరగా ఉండే చిన్న పల్లె. ఉప్పెన వచ్చిన రాత్రి ఇళ్ళూ మనుషులూ మొత్తం పోయాయి. అప్పటికింకా పెళ్ళికాని అత్తయ్య, మేనత్త కూతురి పురిటికి సాయంగా బందరు వచ్చి ఉండబట్టి మిగిలారు. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే ఇసక మేటలు తప్ప ఏమీ లేవట. "మా ఇల్లు ఏ చోట ఉండేదో నాకే ఆనవాలు చిక్కలేదే అమ్మాయ్," అంటారు.

అలాంటి ఊళ్ళో నేను రోజూ మధ్యాహ్నం తిరిగేదాన్ని. బందరులో, మా ముందుగదిలో, కంప్యూటరు ముందు కూర్చుని.

నా పని ఇళ్ళ ప్లాన్లు గీయడం. ఇల్లు కట్టుకునేవాళ్ళు మున్సిపాలిటీ అనుమతి కోసం నా దగ్గరికి వస్తారు. ఒకరోజు ఎవరిదో ప్లాను గీస్తుంటే, మజ్జిగ గ్లాసు తెచ్చిన అత్తయ్య నా కుర్చీ వెనకే చాలాసేపు నిలబడిపోయారు. "ఇట్టా ఇల్లే గాక ఊరు కూడా గియ్యొచ్చా?" అన్నారు. గీయొచ్చండీ అన్నాను. అంతే, అలా మొదలైంది.

గీయొచ్చు అనడం తేలికే. కొలతలు కావాలి కదా! అత్తయ్య దగ్గర అడుగులూ గజాలూ లేవు. "ఆ అరుగు మీంచి పిలిస్తే ఈ అరుగు మీద పలికేంత దూరం," అనేవారు. "పిలిచింది మీరా, మీ నాన్నగారా?" అని అడిగేదాన్ని. వాళ్ళ నాన్న గొంతు పెద్దదట, ఊరి చివర పడవలో ఉన్నవాళ్ళకు కూడా వినబడేదట. బావి దగ్గరికి, పొయ్యి మీద పాలు పొంగేలోపు బిందె ముంచుకొని రాగలిగినంత దూరం. నేను నిజంగానే స్టవ్ మీద పాలు పెట్టి, మా పెరట్లో బిందెతో నడిచి చూశాను. అది చూసి మా ఆయన, "మీ ఇద్దరికీ ఎండ తగిలింది," అన్నారు. గిలకలదిండిలో ఐసు ప్లాంటు చూసుకునే మనిషికి ఎండ సంగతి ఏం తెలుసు?

ఎంత నవ్వుకున్నా కొలత దగ్గర మాత్రం ఇద్దరం పట్టుదల మనుషులమే. ఒక పాక మూడడుగులు పక్కకు జరిగిందని తెలిస్తే అత్తయ్య రెండు రోజులు నన్ను నిలవనిచ్చేవారు కాదు. ఊళ్ళో లేనిది గీయకూడదు, ఉన్నది వదలకూడదు.

అలా గీతల్లో ఊరు లేచింది. మధ్యాహ్నం కళ్ళు మూతలు పడుతుంటే నేను ఆ సందుల్లో నడుస్తున్నట్టే ఉండేది. కప్పులు లేని ఇళ్ళు, సన్నటి తెల్లగీతల గోడలు, ఎక్కడా నీడ లేదు. ఎవరో ఎవరినో పిలుస్తుండేవారు. మెలకువ వచ్చేసరికి అత్తయ్య నా వెనక మంచం మీద కూర్చుని, నేను ఎక్కడ ఆపానో అక్కడి నుంచే చెబుతూ ఉండేవారు.

"అన్ని తలుపులూ తీసే ఉంచావేంటే?" అని ఒకసారి అడిగారు.

"ప్లానులో తలుపు అలాగే గీస్తామండీ. లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో చూసేవాళ్ళకు తెలియాలి కదా."

అత్తయ్య తెరకు మొహం దగ్గరగా పెట్టి ఒక్కొక్క తలుపూ చూశారు. "మా ఊళ్ళో అన్నీ లోపలికే," అన్నారు. ఆ పైన, "బాగుందే. అందరూ ఇళ్ళల్లోనే ఉన్నట్టుంది," అన్నారు.

ఊరి మధ్యలో ఒక్కచోట మాత్రం ఖాళీ ఉండిపోయింది. అది వాళ్ళ ఇల్లు. దాని పక్కిల్లు, ఎదురిల్లు, వెనక దొడ్డి, దొడ్లో మునగచెట్టు, అన్నీ చెప్పారు. ఇల్లు అడిగితే, "దాని సంగతి తర్వాత చూద్దాంలే," అనేవారు. కాగితం మీదకు తీద్దామంటే, "పూర్తికానీ," అనేవారు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం కంప్యూటరు తెర మీద ఒక కబురు వచ్చింది. లోపలి ప్రోగ్రాం కొత్తది వచ్చింది, వేసుకుంటారా అని. కంప్యూటరు నిద్ర లేవగానే తనెవరో తనకు గుర్తుచేసే చిన్న ప్రోగ్రాం ఒకటి దాని లోపలి బోర్డులో ఉంటుంది. దాన్ని మారుస్తారన్నమాట. సరే అని నొక్కి, అయ్యేదాకా కరెంటు తీయొద్దన్న హెచ్చరిక కూడా చదివి, మేడ మీద ఎండబెట్టిన మిరపకాయలు చూద్దామని వెళ్ళాను.

పైన ఉండగానే ఈదురుగాలి లేచింది. సముద్రం వైపు నల్లగా కమ్మింది, ఒక్క ఉరుము ఉరిమింది. నేను మిరపకాయలు పోగేస్తుంటే కింద మా ఫ్రిజ్ గురక ఆగిపోయింది. అప్పుడు వెలిగింది నాకు.

దివిసీమ మనుషుల ఇళ్ళల్లో ఇది మామూలే. గాలి లేచిందంటే ముందు మెయిన్ కట్టేస్తారు, ఆ తర్వాతే కిటికీలు వేస్తారు. తీగలు తెగిపడి మనుషులు పోవడం చూసినవాళ్ళు. అత్తయ్య ఇంకో ఆకు ఎక్కువే చదివారు, ఇన్వర్టర్ మీట కూడా తీసేస్తారు. నేను చేటతో సహా పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ ముందుగదిలో కిటికీ రెక్కలు వేస్తూ, "గాలొస్తందే అమ్మాయ్, అన్నీ ఆపేశాను," అన్నారు, పెద్ద పని చక్కబెట్టిన సంతృప్తితో.

గాలి పావుగంటలో పోయింది. మెయిన్ వేశాం. కంప్యూటరు డబ్బాలో ఫ్యాను తిరిగింది, చిన్న దీపం వెలిగింది, తెర నల్లగానే ఉంది. పాతది చెరిపేసి కొత్తది రాసేలోపు కరెంటు పోయింది. ఇప్పుడు దానికి తనెవరో తెలియదు.

మా ఆయన గిలకలదిండి నుంచి వచ్చీ రాగానే ఆపి మళ్ళీ వేశారు. ఐసు మిషన్లకు పనికొచ్చే మంత్రం ఇది. పనిచేయలేదు. తెరకు వెళ్ళే తీగ మార్చాం. టీవీకి తగిలించాం. మీట అదిమిపట్టి వదిలాం. మూత విప్పి, లోపల బిళ్ళంత బ్యాటరీ ఉంటే అది ఊడదీసి, కాసేపాగి మళ్ళీ పెట్టాను. బందరు ఉప్పుగాలికి దాని చుట్టూ పచ్చగా చిలుము పట్టి ఉంది. తుడిచాను. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, తెర నల్లగా ఉంది.

మర్నాడు బజారులో దుకాణానికి తీసుకెళితే, "బోర్డు మార్చాలండీ," అన్నారు. నా ఫైళ్ళు? "ఈ చిన్న డబ్బాల్లో మెమరీ బోర్డుకే అతికించి ఉంటదండీ, విడిగా ఊడదు. బోర్డుతోపాటు అవీ పోతాయి. కాపీ పెట్టుకోలేదా?"

పెట్టుకున్నాను. బందరువాళ్ళ ఇళ్ళన్నిటికీ రెండేసి కాపీలున్నాయి, అది నా పని కనుక. అత్తయ్య ఊరికి మాత్రం లేదు. ఇది పని అనుకోలేదు కనుక.

ఇంటికొచ్చి ఏం దాచాలనుకున్నా నా మొహం నా మాట వినదు. అత్తయ్యకు అర్థమైపోయింది. కోపం వస్తుందేమో అనుకున్నాను, ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. ఆవిడ అన్నం కలుపుకుంటూ మామూలుగానే అన్నారు: "ఒకసారి సముద్రం ముంచింది. ఈసారి నేను ముంచాను."



గుడివాడలో కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన ఉన్నాడని, చూడకుండా బోర్డు మార్చమనడని ఎవరో చెబితే, డబ్బాను తువ్వాల్లో చుట్టుకొని బస్సెక్కాను. అత్తయ్య తనూ వస్తానని చీర మార్చుకొని కూర్చున్నారు. కాదనే ధైర్యం ఎవరికుంది?

పెడన దాటేసరికి ఎండ ముదిరింది. ఆరేసిన అద్దకం బట్టలు ఎర్రగా, నల్లగా వెనక్కి జారిపోయాయి. ఆ తర్వాత చేపల చెరువులు, చెరువుల్లో ఆకాశం. బస్సు నీళ్ళ మీదే వెళుతోందా అనిపించేంత నిశ్శబ్దం. నా ఒళ్ళో డబ్బా, డబ్బాలో ఊరు. ఎందుకైనా మంచిదని ఫోను తీసి, "అత్తయ్యా, మళ్ళీ ఒకసారి చెప్పండి, రాసుకుంటాను," అన్నాను.

చెప్పడం మొదలుపెట్టారు. రేవు, రేవు పక్కన వలలు ఆరేసే దిబ్బ. అక్కణ్ణుంచి సందు. "సందులోకి తిరగ్గానే ఎడం పక్కన బావి... కాదు, బావి కుడి పక్కన. ఎడం పక్కన..." ఆగిపోయారు. నాకు తెలుసు, ఎడం పక్కన కుండల ఆవిడ ఇల్లు. అత్తయ్యే చెప్పారు నాకు. ఇప్పుడు అత్తయ్యకే గుర్తు రావడం లేదు. కిటికీలోంచి చెరువుల వైపు చూస్తూ, "నువ్వు గీసినాక నేను మోయడం మానేశానే. అందులో ఉందిలే అనుకున్నా," అన్నారు. నేను ఫోను సంచిలో పెట్టేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. భయం వేసింది. ఈ డబ్బా లేవకపోతే ఆ ఊరు ఇంకెక్కడా లేదు.

గుడివాడ ఆయన నెమ్మది మనిషి. "కూర్చోండి పిన్నిగారూ," అని అత్తయ్యకు ఫ్యాను తిప్పి, డబ్బా చూసి పెదవి విరిచాడు. తయారుచేసినవాళ్ళ దగ్గర ఆ ప్రోగ్రాం మళ్ళీ దొరుకుతుందట. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, డబ్బాకు పెట్టి, కీబోర్డు మీద రెండు మీటలు నొక్కిపట్టి కరెంటు ఇస్తే, ఒక్కోసారి తనంతట తనే రాసుకుంటుందట. "ఒక్కోసారేనండోయ్," అన్నాడు మళ్ళీ.

మొదటిసారి ఏమీ కాలేదు. పెన్‌డ్రైవ్‌లో పాత పెళ్ళిఫోటోలేవో ఉంటే అవన్నీ చెరిపి వేశాడు. అయినా కాలేదు. ఫైలు పేరు వాళ్ళు చెప్పినట్టే ఉండాలని నేను ఫోనులో చదివి చెబితే పేరు మార్చాడు. మూడోసారి దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి, కొట్టుకోవడం మొదలుపెట్టింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

చూస్తూ కూర్చున్నాం. ఆయన టీ తెప్పించాడు. తాగేశాం. ఇంకో గిరాకీ వచ్చి వెళ్ళిపోయాడు. దీపం కొట్టుకుంటూనే ఉంది, తెర నల్లగానే ఉంది. నాకసలే ఓపిక తక్కువ. "ఇది ఇక్కడే తిరుగుతోందండీ. ఆపేసి మళ్ళీ వేద్దాం," అని ప్లగ్గు మీద చెయ్యి వేశాను. "అంతేనేమోనండీ," అన్నాడు ఆయన కూడా.

అత్తయ్య కుర్చీలోంచి లేచి నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆపమాకు."

"అత్తయ్యా, ఇంతసేపు..."

"దీపం కొట్టుకుంటంది కదే. ప్రాణం ఉంది. ఆపమాకు."

చిన్న ఉరుముకే ఇల్లంతా చీకటి చేసే మనిషి! ఆ చెయ్యి పట్టు వదల్లేదు. అలాగే నిలబడ్డాం ఇద్దరం, ఆ దీపం వంక చూస్తూ. బయట రిక్షా బెల్లు, ఎవరో ముంజలు అమ్ముతున్న కేక, అన్నీ చాలా దూరం నుంచి వస్తున్నట్టున్నాయి. కొంతసేపటికి దీపం ఆగిపోయింది. డబ్బా తనంతట తనే ఆరిపోయి, తనంతట తనే లేచింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

నేను బిగ్గరగా ఏడ్చేశాను. సిగ్గేమీ పడలేదు. గుడివాడ ఆయనే సిగ్గుపడి అటు తిరిగాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని ఊరు తెరిచాం. రేవు, వలల దిబ్బ, సందు. బావి కుడి పక్కనే ఉంది. ఎడం పక్కన కుండల ఆవిడ ఇల్లు. ముందు కాపీలు తీశాను, అడక్కుండానే. అత్తయ్య ఒక్కొక్క ఇంటి దగ్గరా ఆగి చూసుకుంటూ మధ్యలో ఖాళీ దగ్గరికి వచ్చారు. అక్కడ వేలు పెట్టారు.

"ఇక మా ఇల్లు గియ్యి."

రెండంకణాల ఇల్లు. తూర్పు మొహం. అరుగు, లోపల గాదె, పొయ్యి, అమ్మ పడుకునే మూల, తమ్ముడి ఉయ్యాల కట్టిన దూలం. ఎక్కడా తడుముకోలేదు, ఒక్క అంగుళం కూడా. నేను గోడలు గీసి తలుపు దగ్గర ఆగి, అలవాటుగా లోపలి వైపుకు గీత తిప్పబోయాను.

"కాదే," అన్నారు.

"లోపలికే కదా అత్తయ్యా, మీ ఊళ్ళో అన్నీ?"

"లోపలికే. గాలి లేస్తే మా నాన్న గడియ వేసి రోకలి అడ్డం పెట్టేవాడు. ఆ రాత్రీ పెట్టే ఉంటాడు." తెర మీద తలుపు చోట వేలు ఆనించారు. "నువ్వు మాత్రం బయటికి గియ్యవే అమ్మాయ్. బయటికైతే తోసుకొని వచ్చేవాళ్ళేమో."

పాక మూడడుగులు జరిగితే ఒప్పుకోని మనిషి అడిగిన తప్పు అదొక్కటే. నేను బయటికే గీశాను.